హమీద్ అనే మాట

బాల్కనీ తీగ మీద కఫను గుడ్డ ఆరుతోంది.

ఒక పక్క కొడుకు వగ్దీ చొక్కాలు, ఇంకో పక్క వంటింటి తువ్వాళ్ళు, నడుమ తెల్లగా, పొడుగ్గా, పోయాక ఒంటికి చుట్టే ఆ గుడ్డ. తొమ్మిదేళ్ళ కిందట మక్కా నుంచి తెచ్చి, జమ్‌జమ్ నీళ్ళలో తడిపి, చందనపు చెక్కతో సహా పెట్టె అడుగున దాచుకున్నది. దాన్ని పట్టపగలు, మధ్యాహ్నం మూడింటికి, దుమ్యాత్ ఊళ్ళో వడ్రంగుల వీధి మొత్తానికీ కనబడేలా ఆరేసింది ఇన్సాఫ్.

మన్సూరా బస్సు దిగి వస్తున్న కూతురు రబాబ్ వీధి మలుపులోనే దాన్ని చూసింది. కాళ్ళు ఆగిపోయాయి. చేతిలో ఆసుపత్రి కవరుంది. పొద్దుటి నుంచి ఆ కవరు తీసుకుని పరుగెత్తుకొచ్చింది ఇందుకా అనుకుంది. మూడంతస్తులూ ఎక్కి వచ్చేసరికి ఊపిరి అందలేదు.

తల్లి కుర్చీలో కూర్చుని ములుఖియా ఆకు తుంచుకుంటోంది. నాలుగు నెలలుగా ఆవిడ తిండి అంతా జారుడు తిండే. ఆకు పులుసు, మెత్తటి తెల్ల జున్ను, ఇంత పాలు. రొట్టె ముక్క మింగితే రొమ్ము నడుమ ఎక్కడో ఆగిపోతుంది. పిడికిలితో గుండె మీద గుద్దుకుని, నీళ్ళు తాగి, కాసేపు కళ్ళు మూసుకుంటే గానీ కిందికి దిగదు.

"ఏంటమ్మా అది?"

"గుడ్డ. పెట్టెలో ముక్కిపోయింది. కాస్త ఎండ తగలాలిగా."

"వీధంతా చూస్తోంది."

"చూడనీ. వాళ్ళకీ తెలియాలిగా, కబురు పంపే శ్రమ తప్పుతుంది."

ఎదుటి బాల్కనీ నుంచి నాహిద్ గొంతు వినబడింది. ఆవిడకి అరవకుండా మాట్లాడటం చేతకాదు. "వగ్దీ వాళ్ళమ్మా! అల్లా చల్లగా చూడాలి, ఎవరికమ్మా ఆ గుడ్డ?"

"నాకేనమ్మా నాహిద్! నీకు చాలదులే, నడుం దగ్గర బిగుస్తుంది!"

అటు కిటికీ రెక్క ధడాలున పడింది. ఇన్సాఫ్ పెదవి చివర చిన్న నవ్వు మెదిలి ఆరిపోయింది. రబాబ్‌కి నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి, రెండిటికీ ఓపిక లేక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా. మన్సూరా కాగితం వచ్చింది. హమీద్."

తన గొంతు తనకే వింతగా వినబడింది. హమీద్. మెచ్చదగినది. గడ్డల విషయంలో డాక్టర్లు వాడితే ప్రాణం తీయనిది అని. దీనికి ఎదుటి మాట ఖబీస్, దుష్టం. ఆ రెండో మాటని ఈ వీధిలో రోగి ముందు ఎవరూ పలకరు. పలికితే రోగం విని బలుస్తుందన్నట్టు భయపడతారు.

"అల్‌హమ్దులిల్లా," అంది ఇన్సాఫ్, ఇంకో రెబ్బ అందుకుని.

మూడు వారాల కిందట కూడా సరిగ్గా ఇలాగే అంది. అదే గొంతు, అదే మర్యాద.

మూడు వారాల కిందటి హమీద్ అబద్ధం.

అప్పుడు ఊళ్ళో క్లినిక్కులో గొట్టం వేసి చూశారు. అన్నవాహికలో గడ్డ ఉందన్నారు. చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపారు. వారానికి వచ్చిన కాగితం మీద ఖబీస్ అని ఉంది. అన్నాచెల్లెళ్ళు మెట్ల మీదే కూర్చుని ఏడ్చి, మొహాలు కడుక్కుని, పైకి వచ్చి అమ్మకి హమీద్ అని చెప్పారు. తల్లి రెప్ప వేయకుండా కొడుకు వంక చూసింది. ఆ చూపుకి వగ్దీకి గుండె జారింది. గుండె జారిన మగవాడు ఈ ఊళ్ళో ఏం చేస్తాడో అదే చేశాడు. "అది హమీద్ కాకపోతే నా పెళ్ళానికి తలాకే!" అని ఒట్టేశాడు.

సరిగ్గా అప్పుడే టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది ఆ పెళ్ళాం సుహైర్. అంతకు గంట ముందే ఆ కాగితం చదివిన మనిషి. పళ్ళెం మెల్లగా బల్ల మీద పెట్టింది. ఒక్క గ్లాసు కూడా తొణకలేదు. సాయంత్రానికల్లా బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. 'అబద్ధమని తెలిసి ఒట్టేశాడు, తలాక్ పడిపోయింది' అంటాడు ఆవిడ తండ్రి. 'అలాంటి ఒట్టు చెల్లదు, పదిమంది పేదలకి అన్నం పెట్టు చాలు' అన్నాడు మసీదు షేక్. ఇద్దరి మధ్యా కాపురం వేలాడుతోంది.

ఆ తర్వాత మన్సూరా. అక్కడ డాక్టర్ నెవీన్ మళ్ళీ గొట్టం వేసింది. ఇవాళ పొద్దున ఆవిడ చెప్పిన మాటలు రబాబ్ బస్సు పొడుగునా పాఠంలా వల్లె వేసుకుంటూ వచ్చింది.

"మొదట తీసింది గడ్డ ముక్క కాదమ్మాయ్, గడ్డ మీది చర్మం ముక్క," అంది డాక్టర్. "ఈ రకం గడ్డ కింద కూర్చుంటే పై చర్మం ఊరికే మందమెక్కి వేళ్ళు దిగినట్టు పెరుగుతుంది. చూస్తే అచ్చం ఆ రోగంలాగే ఉంటుంది. ఆ ఒక్క ముక్కే ఇస్తే నేనూ బోల్తా పడేదాన్నేమో."

"మరి మీకెలా తెలిసింది?"

"చూడగానే అనుమానం వచ్చింది. పసుపచ్చగా, గట్టిగా, చిగుళ్ళలో దాగిన దవడ పన్నులా ఉంది. ఆ రోగం ఇలా నున్నగా ఉండదు. లోతుగా ముక్క తీశాం. కణాల నిండా రవ్వ పోసినట్టుంది. నరాల తొడుగు కణాలకి పట్టే రంగు వేస్తే నిలువునా పట్టింది. గొట్టం చివర స్కానింగు కూడా చేశాం కదా, గడ్డ పై పొరల్లోనే ఉంది, కండలోకి దిగలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇది నాకు నాలుగోది."

"ప్రమాదం లేదా?"

"లేదు. కాకపోతే పెద్దది, తిండికి అడ్డం పడుతోంది. ఆదివారం పొద్దున గొట్టంతోనే తీసేద్దాం. కోతలేదు. అది తీసే ఆయన కైరో నుంచి వస్తాడు, మళ్ళీ వచ్చేది రెండు నెలలకి. ఇలా బరువు తగ్గుతూ మీ అమ్మగారు రెండు నెలలు ఆగలేరు. ఇంతకీ ఆవిడకి ఏం చెప్పారు?"

"హమీద్ అని."

"ఎప్పుడు?"

"మూడు వారాల కిందట."

డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మరి ఇప్పుడేం చెబుతావు?"

ఆ ప్రశ్న ఇప్పుడు వంటింట్లో, ములుఖియా ఆకుల మధ్య కూర్చుని ఉంది.

"ఆదివారం పొద్దున వెళ్ళాలమ్మా. తీసేస్తారు. నువ్వు మళ్ళీ రొట్టె తినొచ్చు."

"నేను రాను."

"అమ్మా!"

"మీ నాన్నని కోయించాం. ఏమైంది? మంచం మీద పోవలసినవాడు ఆసుపత్రి బల్ల మీద సగం పోయి, మిగతా సగం ఇంటికొచ్చి పోయాడు. నేను నా ఇంట్లో, నా మంచం మీద పోతాను. గుడ్డ సిద్ధంగానే ఉంది."

"నువ్వు పోవట్లేదు! హమీద్ అంటుంటే!"

"విన్నానమ్మా. అల్‌హమ్దులిల్లా అన్నానుగా."

తలుపు తోసుకుని వగ్దీ వచ్చాడు. కింద కార్ఖానాలో చెక్కడం పని వదిలేసి వచ్చినట్టున్నాడు, కనుబొమల్లో రంపపు పొట్టు. బాల్కనీ వంక చూసి, "వీధిలో నా పరువు..." అని మొదలెట్టి, చెల్లెలి మొహం చూసి ఆగాడు. రబాబ్ కవరు చూపించింది. వగ్దీ గోడకి ఆనుకుని జారిపోయాడు.

"నిజంగానా?"

"నిజంగా."

"అమ్మా! విన్నావా? నిజంగా హమీదేనట!"

"అంటే మొన్నటిది అబద్ధంగానా?" అంది ఇన్సాఫ్.

కింద కార్ఖానాలో ఎవరిదో సుత్తి టకటకమంటోంది.

ఇన్సాఫ్ కుర్చీ దిండు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక కాగితం తీసింది. నీళ్ళు తగిలి ముడుచుకుపోయిన కాగితం. "నీ చొక్కా జేబులో దొరికింది. ఉతకడానికి నానబెట్టాక చూశాను. సబ్బునీళ్ళకి కూడా సిరా చెదరలేదు. నేను చదువుకున్నది నాలుగు క్లాసులే. గంటసేపు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఖా, బా, యా, సా."

"ఎప్పుడు చూశావు?" అన్నాడు వగ్దీ, నేల మీంచే.

"సుహైర్ వెళ్ళిన మర్నాడు. ఉతికే మనిషి లేక నేనే ఉతికానుగా."

"మరి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదే!"

"ఏమనను? ఇద్దరూ అంత కష్టపడి నటిస్తుంటే చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

వగ్దీ గబగబా లేచాడు. "అది పై ముక్క అమ్మా! పై చెక్క! పైన పల్చటి పేడు అతికించిన బల్ల చూసి లోపల ఏం చెక్కో ఎవడైనా చెబుతాడా? గీకి చూడాలి, తొలిచి చూడాలి. వాళ్ళు పేడు చూసి చెప్పారు, వీళ్ళు తొలిచి చూశారు. వడ్రంగి భార్యవి, నీకు నేను చెప్పాలా?"

క్షణంపాటు ఇన్సాఫ్ చేతులు ఆగాయి. ఈ మాట తగిలిందని రబాబ్‌కి ఆశ పుట్టింది.

"మీ నాన్నకి నేనే చెప్పాను, హమీద్ అని," అంది ఇన్సాఫ్ మెల్లగా. "పదకొండు నెలలు చెప్పాను. రోజూ చెప్పాను. డాక్టరు ఇలా అన్నాడు, ఫొటోలో అలా ఉంది, గీకి చూశారు, తొలిచి చూశారు, అన్నీ చెప్పాను. నీ కంటే బాగా చెప్పాను. చివరి వారంలో నా చెయ్యి పట్టుకుని ఏమన్నాడో తెలుసా? 'ఆ మాట ఎంత చక్కగా పలుకుతావే ఇన్సాఫ్' అన్నాడు."

రబాబ్ తల దించుకుంది. తండ్రికి ఏమీ తెలియకుండానే వెళ్ళిపోయాడని ఏడేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్న ఊరట ఆ ఒక్క మాటతో పోయింది.

"ఆయనకి తెలుసు. తెలిసీ నమ్మినట్టు ఉన్నాడు, నా కోసం. నేనూ మీ కోసం ఉన్నాను. ఇక ఓపిక లేదు. ఆసుపత్రికి మాత్రం లాగకండి."

"అమ్మా, ఒట్టేసి చెబుతున్నాను," వగ్దీ గొంతు పెంచాడు, "ఇది గనక అబద్ధమైతే నా పెళ్ళానికి..."

రబాబ్ లేచి అన్న నోరు మూసేసింది. "ఉన్నదొక్క పెళ్ళాం, అదీ ఇంట్లో లేదు! ఇంకెన్ని ఒట్లు వేస్తావన్నయ్యా!"

"ఆ ఒట్టే చెప్పిందిగా నాకు," అంది ఇన్సాఫ్. "కాగితం చదవకముందే తెలిసింది. నువ్వు ఒట్టేశావు, అది పళ్ళెం దించి వెళ్ళిపోయింది. ఒట్టు నిజమైతే ఎందుకు వెళుతుంది? ఈ ఇంట్లో నాతో అబద్ధం ఆడనిది అదొక్కతే."

ఆకుల గిన్నె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుంది. ఇక మాట్లాడేది లేదన్నట్టు.

రబాబ్ చాలాసేపు ఆ ముఖం వంక చూసింది. చెంపలు లోపలికి పోయాయి, మెడ దగ్గర చర్మం వదులైంది. రొట్టె తినగలిగిన మనిషి రొట్టెలేక పోతుందా, మేం ఒక మంచిమాటని ముందే వాడేసినందుకు? ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఎక్కువగా తన మీదే.

"సుహైర్ వదిన చెబితే నమ్ముతావా?"

ఇన్సాఫ్ కళ్ళు తెరవలేదు. "మీరు నూరిపోయకుండా ఉంటే."

"ఆవిడ రాదు," అన్నాడు వగ్దీ. "మూడుసార్లు వెళ్ళాను. మామగారు తలుపు సందులోంచే మాట్లాడాడు."

రబాబ్ బల్ల సొరుగులోంచి జిగురు తీసి, కవరు మళ్ళీ అతికించి, చెప్పులేసుకుంది.

*

సుహైర్ పుట్టిల్లు నది ఒడ్డున. కింద సోఫాలకి గుడ్డ తొడిగే కొట్టు, పైన ఇల్లు. సుహైర్ కుట్టుమిషను ముందు కూర్చుని దిండ్ల గలేబులు కుడుతోంది. ఆడబిడ్డని చూసి కాలు ఆపింది గానీ లేవలేదు.

"ఆయన పంపాడా?"

"లేదు వదినా. నేనే వచ్చాను."

"అత్తయ్య ఎలా ఉన్నారు?"

"కఫను గుడ్డ ఎండబెట్టింది."

సుహైర్ చెయ్యి మిషను చక్రం మీదే ఉండిపోయింది. సన్నబడిందనుకున్న మనిషి తేరుకుని ఉండటం రబాబ్ గమనించింది. బుగ్గల్లో రంగు కూడా వచ్చింది. మూడు వారాల్లో! గమనించి, తర్వాత ఆలోచిద్దామని పక్కన పెట్టేసింది. ఇవాళ ఆమెకి ఒక్క దుఃఖానికే చోటుంది.

"మన్సూరా కాగితం ఇది. అతికించే ఉంది. అమ్మ ముందు నువ్వు విప్పి నువ్వే చదవాలి. ఇందులో ఏముందో నేను చెప్పను, అడగొద్దు. ఏముంటే అది చెప్పు. చెడ్డదైతే చెడ్డదనే చెప్పు."

"నేనెందుకు?"

"మా మాట మేమే చెడగొట్టుకున్నాం వదినా."

సుహైర్ దారం కొరికి, గలేబు మడిచింది. లోపలి గదిలో తండ్రి దగ్గు వినబడింది. ఆమె అటు చూసి, తల మీది గుడ్డ సర్దుకుంది.

"అత్తయ్య కోసం వస్తాను. చదివి వచ్చేస్తాను. అంతే."

*

కోడలు లోపలికి రాగానే ఇన్సాఫ్ కళ్ళు తెరిచింది. సుహైర్ వంగి ఆవిడ నుదురు ముద్దు పెట్టుకుంది. వగ్దీ ఒక అడుగు ముందుకేసి, ఏం చేయాలో తోచక, కనుబొమల్లో పొట్టు దులుపుకున్నాడు.

"నూరిపోశారా?"

"లేదత్తయ్యా. కవరు చూడండి."

ఇన్సాఫ్ జిగురు అంచుని గోటితో తడిమి చూసింది. "తడిగానే ఉంది. ఇది మీ ఆడబిడ్డ పని. అయినా చదువు."

సుహైర్ కవరు చించింది. చాలా మెల్లగా చదివింది. ఆమె కళ్ళు పై వరస దాటాయి, రెండోది దాటాయి, ఒకచోట ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగాయి. చివరి బస్సు వెళ్ళిపోయాక స్టాండుకి చేరిన మనిషిలా నిలబడిపోయింది.

"హమీద్," అంది. "హమీదే అత్తయ్యా. రవ్వ కణాల గడ్డట. రెండుచోట్ల రాశారు, కింద ఇద్దరు సంతకాలు పెట్టారు."

"చెప్పానా!" వగ్దీ గంతేసినంత పని చేశాడు. "నా ఒట్టు నిజమే! ఏ తలాకూ పడలేదు! మీ నాన్నకి చెప్పు, షేక్‌కి చెప్పు, నువ్వు నా భార్యవే సుహైర్, మొదట్నుంచీ నా భార్యవే!"

సుహైర్ కాగితాన్ని మడిచింది. ఇంకోసారి మడిచింది. మడవడానికి ఇక చోటు లేనంత చిన్నదయ్యాక ఆగింది.

"ఇలా చదివితే దీనికీ లాభమేగా," అనబోయింది ఇన్సాఫ్. "గడ్డ మంచిదైతే ఒట్టు నిలిచింది, ఒట్టు నిలిస్తే కాపురం..." అంతలో కోడలి ముఖం కనబడి మాట మధ్యలోనే వదిలేసింది.

"ఇటు తిరగవే."

సుహైర్ తిరిగింది. కన్నీళ్ళు గడ్డం దాకా దిగాయి. తుడుచుకోలేదు.

ఇన్సాఫ్ చాలాసేపు చూసింది. ఆ చూపులో అనుమానం కరిగి, దాని చోట ఇంకేదో వచ్చింది. ఏమిటో రబాబ్‌కి అందలేదు.

"మంచి కబురు చదివి ఇలా మాడిపోయిన మొహాన్ని నేను చూడలేదు," అంది ఇన్సాఫ్. "ఇది నిజం. నిజం కాకపోతే దీనికింత ఖర్మేమిటి?"

లేచింది. గోడ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, కఫను గుడ్డ తీగ మీంచి లాగి, అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టింది. లోపలికి తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది.

"పెట్టె అడుగున పెట్టు. ఆదివారం ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి," అంది రబాబ్. ఎండ వాసన వేస్తున్న ఆ గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చేసింది. వగ్దీ తల్లి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆవిడ ఒక చెయ్యి విడిపించుకుని వాడి తల నిమిరింది. రెండో చేత్తో కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు కిందికి పో వగ్దీ. పని చూసుకో."

"ఇప్పుడా? అమ్మా, ఇవాళ..."

"పోరా."

అతను వెళ్ళలేదు. గుమ్మం దగ్గరే ఆగాడు. సుహైర్ అటు చూడలేదు.

"అత్తయ్యా, మీకు చెడు జరగాలని నేను ఒక్కనాడూ కోరుకోలేదు. అల్లా సాక్షి."

"నాకు తెలుసు. నా సంగతి వదిలెయ్. పదకొండు నెలలు ఒకాయన నా పక్కనే అన్నీ తెలిసి పడుకుంటే నాకు తెలియలేదు. ఇంట్లో మనుషుల్ని చూడటం నాకు ఆలస్యంగానే అబ్బింది." ఇన్సాఫ్ కోడలి గడ్డం పైకెత్తింది. "వాడి ఒట్టు అబద్ధమై తలాక్ పడాలని నీకెప్పట్నుంచి ఉందే తల్లీ?"

రబాబ్ గుడ్డలోంచి తలెత్తింది. పక్కన పెట్టేసిన ఆ బుగ్గల రంగు ఇప్పుడు గుర్తొచ్చింది. ఒకే వంటింట్లో నాలుగేళ్ళు తిరిగాం, నేనేం చూశానని అనుకుంది.

సుహైర్ గుమ్మం వంక చూసింది. తన భర్త వంక, అతని చేతుల వంక చూసింది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో అంది:

"మీ గడ్డ కంటే ముందు నుంచే అత్తయ్యా."